పవర్ ప్లాంట్ పనుల గురించి చుట్టుపక్కలవాళ్లకు ఎలా చెప్పాలి?

మీ ప్లాంట్‌లో కొత్త యూనిట్ మొదలవబోతోంది, చుట్టుపక్కల జనానికి సమాచారం ఎలా ఇస్తే మంచిదని అడిగారు. థర్మల్ ప్లాంట్ పక్కనే పెరిగినవాడిగా నా జవాబు: తేదీ, టైము, ఎంతసేపు, అడగడానికి ఒక ఫోన్ నంబరు. రంగుల పాంప్లెట్లు తర్వాత వేయించుకోవచ్చు.

నేను చదువుకునే రోజుల్లో మా దగ్గరా కొత్త యూనిట్ కట్టారు. ఒక రాత్రి ఇంటి మీదుగా విమానం వెళ్తున్నట్టు మోత మొదలైంది. ఎంతకీ తగ్గదు. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ఉన్నట్టుండి ఆగింది. హమ్మయ్య అని పడుకుంటే మళ్లీ. బాయిలర్ పేలిందని ఎవరో అన్నారు. అంతే, పక్కింటివాళ్లు పసిబిడ్డను ఎత్తుకుని చీకట్లో రోడ్డెక్కారు. మా నాన్నమ్మ గుండె పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. నాన్న ప్లాంట్ గేటు దాకా వెళ్తే, సెక్యూరిటీ అతను "మాకేం తెలీదు సార్, పొద్దున రండి" అన్నాడు.

తీరా చూస్తే అది స్టీమ్ బ్లోయింగ్. యూనిట్ నడిపే ముందు, బాయిలర్ నుంచి టర్బైన్‌కి వెళ్లే పైపుల్లోకి ఆవిరిని ఉధృతంగా వదిలి, లోపల మిగిలిన వెల్డింగ్ తునకలు, తుప్పు బయటికి ఊదేస్తారు. నిమిషానికి 3000 సార్లు తిరిగే టర్బైన్ రెక్కలకు అలాంటి తునక తగిలితే పాడైపోతాయి. ఆవిరికి ఎదురుగా నున్నటి లోహపు పలక పెట్టి, దాని మీద సొట్టలు పడటం దాదాపు ఆగేదాకా ఊదుతూనే ఉంటారు. ఎంతో ముందే షెడ్యూల్‌లో ఉండే పని ఇది! లోపల ఇంజనీర్లందరికీ తెలిసిన సంగతి గోడ ఇవతల పడుకున్నవాళ్లకు చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?

బాయిలర్ వెలిగించేటప్పుడూ ఇదే తంతు. మొదట ఆయిల్‌తో మండిస్తారు కాబట్టి చిమ్నీ నుంచి కాసేపు నల్లటి పొగ రావచ్చు. ఎంతసేపు వస్తుందో ముందే చెబితే, అంతకు మించినప్పుడు జనం నిలదీయగలరు. చెప్పకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఆలస్యంగా చెబితే ఏమవుతుందో 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు విద్యుత్ కేంద్రం దగ్గర చూశాం. ప్రమాదం మొదలైన రెండు రోజులకు, 5 మైళ్ల లోపు ఉన్న గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు వెళ్లిపోతే మంచిదని గవర్నర్ చెప్పారు. అప్పటికే పూటకో మాట విని ఉన్నారు జనం. ఆ సలహా వర్తించనివాళ్లు కూడా కదిలారు, లక్షకు పైగా.

ప్లాంట్ కంటే నాకు ఎక్కువ ఒళ్లు మండేది బయటి తవ్వకాలతో. కేబుల్‌కి ఒకరు, పైపులైన్‌కి ఇంకొకరు. బోర్డు మీద కాంట్రాక్టర్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. దారి ఎప్పుడు తెరుస్తారో, అంబులెన్స్ ఎటు నుంచి రావాలో ఎక్కడా ఉండదు. ఇక కొత్త హైటెన్షన్ లైన్‌కి కరెంటు ఎక్కించే ముందు మాత్రం ఇల్లిల్లూ తిరిగి చెప్పించండి. నెలల తరబడి ఉత్త తీగలే చూసినవాళ్లకు, టవర్ ఎక్కి ఆడే పిల్లలకు ఆ రోజు నుంచి అది ప్రాణాంతకమని ఎలా తెలుస్తుంది?

షెడ్యూల్ మారితే మారిందని అదే రోజు చెప్పండి. మీరిచ్చే నంబరు ఆఫీసు టేబుల్ మీద కాకుండా రాత్రి షిఫ్ట్‌లో ఉన్న మనిషి చేతిలో ఉండాలి.