మళ్లీ విప్పుతామని తెలిసే బిగించాలి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. ఇంజన్ ఆగిపోయిన రెండో తరం మాజ్దా ఆర్‌ఎక్స్-7 కొన్నావు. దాని 13బి అనే రోటరీ ఇంజన్‌ను సొంతంగా విప్పి బిగిస్తానని, గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో కూడా తగిలించి వచ్చే సీజన్‌లోనే ట్రాక్ మీదికి తీసుకెళ్తానని రాశావు. ఇందులో మొదటి సగం నాకు ఎంతో నచ్చింది. టర్బో, వచ్చే సీజన్ అన్న రెండో సగం గురించే ఈ ఉత్తరం.

రోటరీ పట్టుకున్నవాళ్లు దాన్ని వదలరని అందరూ అంటారు. కారణం ఆ శబ్దమో, వేగమో అనుకుంటారు. నాకలా అనిపించదు. ఒక మనిషి ఒక బల్ల ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా అర్థం చేసుకోగల ఇంజన్ ఇది. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు, కామ్‌షాఫ్ట్ లేదు. తిరిగే ముఖ్య భాగాలు మూడే: మూడు మూలల రోటర్లు రెండు, అవి తిప్పే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ ఒకటి. చుట్టూ ఐదు హౌసింగ్‌లు (రోటర్లు తిరిగే గుల్లలు రెండు, వాటిని మూసే పలకలు మూడు), వాటన్నింటినీ కలిపి బిగించే పొడవాటి బోల్టులు. రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. కాబట్టి షాఫ్ట్ తిరిగిన ప్రతిసారీ ఒక్కో రోటర్ ఒకసారి మండుతుంది. ఒక్కో రోటర్‌కు 654 సీసీ, మొత్తం 1308. చెప్పడానికి ఇంతే. చేతులతో పట్టుకుని చూస్తే ఇంత తేలికగా ఉండదు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకో. రేసుల్లో తిప్పే రోటరీని ఒకసారి బిగించి మరచిపోవడం అంటూ ఉండదు. నువ్వు దాన్ని మళ్లీ విప్పుతావు, ఆ తరువాతా విప్పుతావు. అది నీ పనితనానికి మచ్చ కాదు, ఆ యంత్రం స్వభావం. అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా, మళ్లీ విప్పే రోజుకు లోపల ఏమి మిగులుతుందో ఆలోచించి తీసుకో. రోటర్ మూలల్లో కూర్చుని గోడకు రాసుకునే ఎపెక్స్ సీళ్లు, స్ప్రింగులు, రబ్బరు రింగులు అరగడానికే పుట్టాయి, కొత్తవి కొనుక్కోవచ్చు. హౌసింగ్‌ల సంగతి అలా కాదు. ఈ తరం ఆర్‌ఎక్స్-7 తయారీ 1992తోనే ముగిసింది. మంచి హౌసింగ్‌లు ఏటేటా తగ్గుతున్నాయే గానీ పెరగడం లేదు. సీళ్లు పోతే పోనీ, హౌసింగ్‌లను పోనివ్వకు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

హౌసింగ్‌లను చంపేది ముఖ్యంగా వేడి. మామూలు ఇంజన్‌లో ఒకే సిలిండర్‌లోకి చల్లటి గాలి వస్తుంది, అక్కడే మంట పుడుతుంది, దాంతో వేడి కొంత సర్దుకుంటుంది. రోటరీలో గాలి, పెట్రోలు ఎప్పుడూ ఒక వైపు నుంచే వస్తాయి, ఎప్పుడూ ఎదుటి వైపే మండుతాయి. అంటే ఒకే హౌసింగ్‌లో ఒక పక్క ఎప్పుడూ వేడి, ఇంకో పక్క ఎప్పుడూ చల్లన. పైగా రోటర్ హౌసింగ్ అల్యూమినియం, దాన్ని ఇరువైపులా నొక్కి పట్టేవి పోత ఇనుప పలకలు. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించవు. ఆ రెంటి మధ్య నలుగుతూ నీటిని ఆపేది ఒక సన్నటి రబ్బరు రింగు. ఒక్కసారి ఇంజన్ బాగా కాగితే ఆ రింగు పోతుంది, పలకలు వంగుతాయి. ఉదయం స్టార్ట్ చేయగానే తెల్లటి పొగ, రేడియేటర్‌లో బుడగలు, తరిగిపోతున్న నీళ్లు కనిపిస్తే అర్థం అదే.

కాబట్టి గుర్రపుశక్తి కోసం దాచిన డబ్బును ముందు చల్లదనం మీద పెట్టు. ఈ ఇంజన్‌లో రోటర్లను లోపలి నుంచి చల్లబరిచేది నూనే. పెద్ద ఆయిల్ కూలర్ అలంకారం కాదు, అవసరం. కంపెనీ వాళ్లు ఇచ్చిన ఉష్ణోగ్రత ముల్లును నమ్మకు. అది కదిలి నీకు సంగతి చెప్పేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. నీటి వేడికి, నూనె వేడికి, నూనె ఒత్తిడికి వేర్వేరుగా నమ్మదగిన మీటర్లు పెట్టి, హెచ్చరిక దీపం కూడా తగిలించు. రేసులో కళ్లు ముల్లు మీద ఉండవు.

ఇంజన్ దించక ముందే కంప్రెషన్ చూడు, అంటే లోపల గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో కొలువు. చచ్చిన ఇంజన్‌కు ఇంకేమి చూస్తాం అనుకోకు, స్టార్టర్ తిప్పగలిగితే చాలు. రోటరీకి ప్రత్యేకమైన టెస్టర్ ఉంది. అది దొరక్కపోతే మామూలు టెస్టర్‌లో గాలిని పట్టి ఉంచే చిన్న వాల్వును తీసేయి. లేకపోతే మూడు ముఖాల్లో ఎక్కువ ఉన్న అంకె ఒక్కటే చూపించి మోసం చేస్తుంది. వాల్వు తీశాక ముల్లు ఎగిరే తీరును నాడి పట్టి చూసినట్టు చూడాలి. మూడు ఎగురులూ సమానంగా ఉండాలి. పక్కపక్కన రెండు నీరసంగా ఉంటే ఆ రెండు గదుల మధ్య ఉన్న ఎపెక్స్ సీల్ పోయిందని అనుమానించు. ఒక్కటే నీరసంగా ఉంటే ఆ ముఖం పక్క అంచుల్లో ఉండే సైడ్ సీళ్ల వైపు చూడు. నిమిషానికి 250 చుట్ల వేగంలో 85 పీఎస్‌ఐ కన్నా తక్కువ వస్తే విప్పక తప్పదు. వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకుండా మొరాయించే రోటరీ ఎవరైనా అమ్మజూపితే, అమ్మేవాడు ఏ కథ చెప్పినా, అసలు కథ ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

విప్పేటప్పుడు తొందరపడకు. ఫ్లైవీల్ నట్టు 54 మి.మీ. ఉంటుంది, సులువుగా రాదు. ఫ్లైవీల్ కదలకుండా పట్టే పనిముట్టు, పొడుగాటి కడ్డీ రెండూ లేకుండా దాని జోలికి పోకు. ప్రతి సీల్‌నూ ఏ రోటర్‌ది, ఏ మూలది, ఏ పక్కది అని రాసి విడివిడి సంచుల్లో వేయి. మళ్లీ వాడని సీళ్లకు కూడా ఈ పని చెయ్యాలి, ఎందుకంటే అవి ఎలా అరిగాయో చూస్తేనే ఇంజన్ ఎందుకు చచ్చిందో తెలుస్తుంది.

హౌసింగ్ లోపలి క్రోమ్ పూతను వెలుతురులో వాల్చి చూడు. అడ్డంగా అలల్లా సన్నటి గీతలు కనిపిస్తే వాటికి పెద్ద చరిత్రే ఉంది. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనతో జర్మనీలోని ఎన్‌ఎస్‌యూ కంపెనీ 1957లో మొదటి ప్రయోగపు ఇంజన్‌ను తిప్పింది. 1961లో మాజ్దా లైసెన్సు తీసుకుంది. కెనిచి యమమోతో నాయకత్వంలో 47 మంది ఇంజనీర్లు కూర్చుంటే, ఇంజన్ తిప్పిన ప్రతిసారీ హౌసింగ్ మీద ఇవే గీతలు. దయ్యం గోళ్ల గీతలని వాటికి పేరు పెట్టారు. సీల్ తన సహజ కంపనంలో అదురుతూ గోడను గీకుతోందని తేల్చి, కార్బన్‌ను అల్యూమినియంతో కలిపి కొత్త సీల్ చేశాకే 1967లో కాస్మో స్పోర్ట్ బయటికి వచ్చింది. అదే ఏడాది ఎన్‌ఎస్‌యూ తెచ్చిన రో 80కి మరుసటి ఏడాది యూరప్‌లో ఉత్తమ కారు పురస్కారం దక్కింది. కానీ సీళ్లు త్వరగా అరిగి, వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి ఆ కంపెనీ కుంగిపోయింది. ఒకే ఆలోచన, ఒకే సమస్య. ఆ గీతల ముందు ఎక్కువ కాలం కూర్చున్నవాళ్లు నిలిచారు.

ఇనుప పలకల మీద సైడ్ సీళ్లు రాసుకుని మెట్టులా అరిగిందేమో డయల్ గేజీతో కొలువు. వంపు ఉందేమో తిన్నని అంచున్న కడ్డీ, ఫీలర్ గేజీ పెట్టి చూడు. నీ తరం ఇంజన్‌లో నీటి రింగు కూర్చునే గాడి ఇనుములోనే ఉంటుంది. దాని సన్నటి గోడ తుప్పు పట్టి పగలడం తరచూ చూస్తాం. గోడ పగిలిన పలకను, ఎంత అందంగా కనిపించినా, పక్కన పెట్టాల్సిందే.

బిగించే పనిలో అందరినీ విసిగించేది సైడ్ సీళ్లను ఆకురాయితో రాయడం. కొత్త సీల్ కాస్త పొడుగ్గా వస్తుంది. రోటర్ మూలలో ఉండే కార్నర్ సీల్‌కూ దానికీ మధ్య 0.05 నుంచి 0.15 మి.మీ. సందు మిగిలేలా రాయాలి. రెండు రాపులు, ఒక కొలత, మళ్లీ రెండు రాపులు. ఎక్కువ రాస్తే ఆ సీల్ చెత్తబుట్టకే. దీన్ని ఒక్క సాయంత్రంలో పూర్తిచేయాలని కూర్చోకు. నన్నడిగితే మంచి ఇంజన్‌కూ ఓ మోస్తరు ఇంజన్‌కూ తేడా ఇక్కడే పుడుతుంది. పోర్టులు (గాలి వచ్చే, పోయే రంధ్రాలు) తొలిచి ఫొటోలు తీసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, సైడ్ సీళ్లు ఓపికగా రాసేవాళ్లు తక్కువ.

రింగులు, సీళ్లు జారకుండా పట్టి ఉంచడానికి వాసలిన్ చాలు. పెద్ద బోల్టులను మాన్యువల్ చెప్పిన వరుసలో, విడతలు విడతలుగా బిగించు. షాఫ్ట్ ముందూ వెనుకా కదిలే ఆట 0.04 నుంచి 0.07 మి.మీ. మధ్య ఉండాలి. లేకపోతే ముందు వైపు స్పేసర్ మార్చి సరిచెయ్యి. ఇంకొకటి, ఎర్ర సిరాతో రాసి గోడకు అంటించు: షాఫ్ట్ ముందు వైపు బోల్టు వదులుగా ఉన్నప్పుడు ఎవరూ క్లచ్ తొక్కకూడదు. షాఫ్ట్ ముందుకు జరిగి లోపలి థ్రస్ట్ బేరింగ్ తన చోటు నుంచి జారుతుంది. అది తెలియక బోల్టు బిగిస్తే బేరింగ్ నలిగిపోతుంది, మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది.

పోర్టింగ్ గురించి అడిగావు. మొదటి ఇంజన్‌కు ముట్టుకోకు. బ్రిడ్జ్ పోర్ట్ అనే తరహాలో తొలిస్తే నిలకడ వేగంలో వచ్చే ఆ తడబాటు శబ్దం నాకూ ఇష్టమే. కానీ ఒకసారి తొలిచిన ఇనుము తిరిగి రాదు. ముందు మామూలు ఇంజన్‌తో నీ డ్రైవింగ్‌లో ఎంత సమయం పోతోందో చూసుకో.

టర్బో విషయంలో నా మాట ఇంకా గట్టిది: ఇప్పుడు వద్దు. టర్బో లేని 13బి చాలా తప్పులను ఓర్చుకుంటుంది. టర్బో పెట్టాక పెట్రోలు కాస్త తక్కువైనా, ఇగ్నిషన్ కాస్త ముందుకు జరిగినా డెటొనేషన్ వస్తుంది, అంటే లోపలి మిశ్రమం అదుపు తప్పి పేలుతుంది. ఎపెక్స్ సీల్ ముక్కలవుతుంది. ఆ ముక్కలు హౌసింగ్‌ను గీరుకుంటూ ఎగ్జాస్ట్ లోంచి వెళ్లి టర్బో రెక్కలను కూడా కొడతాయి. ఒక్క క్షణంలో సీల్, హౌసింగ్, రోటర్, టర్బో నాలుగూ పోతాయి. టర్బో ఉన్నా లేకున్నా ప్లగ్గుల తీగలు తారుమారు చేయకు. కిందివి లీడింగ్, అంటే ముందు వెలిగేవి; పైవి ట్రెయిలింగ్, అంటే తరువాత వెలిగేవి.

నూనె మీటరింగ్ పంపు సీళ్లను తడపడానికి కొంచెం కొంచెంగా ఇంజన్ నూనెను లోపలికి పంపుతుంది. అది తాగే నూనె చూసి కంగారుపడకు, తాగకపోతేనే కంగారుపడాలి. రేసువాళ్లలో చాలామంది ఆ పంపు తీసేసి పెట్రోలులోనే టూ స్ట్రోక్ నూనె కలుపుకుంటారు, సుమారు 100 పాళ్లకు 1 పాలు. పంపు తీస్తే ఒక్క ట్యాంకు కూడా కలపకుండా నింపకూడదు. మతిమరుపు ఉంటే పంపు ఉంచుకుని, పైన కొంచెం కలుపుకోవడమే మేలు. కారును షెడ్డు నుంచి నాలుగడుగులు బయటికి తీసి వెంటనే ఆపేసే అలవాటు ఉంటే మానుకో. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సీళ్ల మీది నూనెను కడిగేస్తుంది, మళ్లీ స్టార్ట్ కాదు.

ఇక రేసు. కారును చేర్చే ముందు నిబంధనల పుస్తకం చదువు. 1308 సీసీ అని రాసి చిన్న కార్ల తరగతిలో నిలబడతానంటే కుదరదు, చాలా చోట్ల రోటరీ సీసీని ఏదో ఒక గుణకంతో హెచ్చిస్తారు. శబ్ద పరిమితి కూడా చూసుకో. మంట పూర్తిగా ఆరకముందే పోర్టు తెరుచుకుంటుంది కాబట్టి ఎగ్జాస్ట్ వేడి, శబ్దం రెండూ ఎక్కువ. సాధారణ సైలెన్సర్‌లోని గాజు నారల దూది త్వరగానే మాడిపోతుంది.

ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల లె మాన్ రేసులో 1991లో మాజ్దా సాధించిన విజయం గురించి నీ ఉత్తరంలో అంత ఉత్సాహంగా రాశావు కాబట్టి ఆ మాటా చెబుతాను. మాజ్దా రోటరీ కారు, 55 నంబరు 787బి, ఆ రోజు అందరికంటే వేగమైన కారు కాదు. డ్రైవర్లు వైడ్లర్, హెర్బర్ట్, గాషో దాన్ని ఆపకుండా, నిలకడగా నడుపుతూ పోయారు. ముందున్న మెర్సిడెస్ చివరి గంటల్లో ఇంజన్ కాగి ఆగిపోయింది. వేడికి చచ్చేది రోటరీ అని లోకమంతా అనుకుంటుంటే ఆ రోజు వేడికి ఆగింది పిస్టన్ కారు! మాజ్దా 362 ల్యాపులు పూర్తిచేసింది. గెలిచినందుకే రోటరీని నిషేధించారని చెప్పుకుంటారు గానీ, 3.5 లీటర్ల పిస్టన్ ఇంజన్ల నిబంధన అప్పటికే నిర్ణయమైపోయింది. ఆ కారులో నాలుగు రోటర్లు, రోటర్‌కు మూడు ప్లగ్గులు, సిరామిక్ సీళ్లు ఉండేవి. వాటిలో నీ చేతికి అందేవి ఏవీ లేవు. నీకు అందేది ఆ నిలకడ ఒక్కటే. కొత్తగా బిగించిన ఇంజన్‌ను నేరుగా గ్రిడ్ మీదికి తీసుకెళ్లకుండా, తక్కువ వేగంలో, ఇంజన్ మీద భారం మారుస్తూ కొంతకాలం తిప్పి, నూనె మార్చి, మళ్లీ కంప్రెషన్ చూసి అప్పుడు తీసుకెళ్లడం ఆ నిలకడలో భాగమే. సీజన్ దాటిపోతే దాటిపోనీ.

ఇప్పుడు చెయ్యాల్సిన పని: కంప్రెషన్ తీసి రెండు రోటర్ల ఆరు అంకెలూ ఒక కాగితం మీద రాయి. విప్పాక హౌసింగ్‌ల, పలకల కొలతలు అదే కాగితం మీద చేర్చి, క్రోమ్ అంచుల ఫొటోలతో నాకు పంపు. అవి చూడకుండా సీళ్లకు గానీ, మరి దేనికి గానీ ఆర్డర్ పెట్టకు. పలకల్లో ఏది పనికొస్తుందో తేలితేనే ఏ సీళ్లు కొనాలో తెలుస్తుంది.

ఇట్లు,
నీ పెదనాన్న