ముందు ‘పాపం’ కొట్టెయ్యి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ముప్పై రెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ చదివినట్టు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. మీ అమ్మమ్మ అక్కగారి జీవితం ఎలాగైనా రాయాలని నువ్వు ఇంత పట్టుదలగా ఉండటం చూసి మనసు నిండిపోయింది. మన వైపు ఇంటికొక మామ్మ ఇలా మిగిలిపోయింది. ఎవరో ఒకరు కూర్చుని రాయకపోతే ఇంకో ఇరవై ఏళ్లకి వాళ్ల పేర్లు కూడా ఉండవు. నువ్వు రాయగలవు. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీ మొదటి వాక్యం: “పాపం, ఆవిడకి పదకొండో ఏటే భర్త పోయాడు.” ఆ ‘పాపం’ నీది కాదు. మీ అమ్మమ్మ అన్న మాట, అంతకుముందు వాళ్లమ్మ అన్న మాట. మొత్తం పదిహేడుచోట్ల వచ్చింది, లెక్కపెట్టాను. జాలితో అన్నదే, కాదనను. కానీ ఒకసారి ‘పాపం’ అనేశాక ఆ మనిషి గురించి ఇంక ఎవరూ ఏమీ అడగరు. నువ్వూ అడగలేదు. ఎనిమిదో పేజీలో ఆవిడ వెన్నెల్లో బావి గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరు చూశారమ్మా? ఎవరైనా చూసి నీకు చెప్పి ఉంటే వాళ్లెవరో రాయి. లేదంటే ఆ పేరా తీసెయ్యి.

నేనూ ఈ తప్పు చేశాను. మా నాన్నగారి మేనత్తని ఇంట్లో అందరూ పిఠాపురం మామ్మ అనేవారు. అత్తవారి ఊరు పిఠాపురం కాబట్టి ఆ పేరు. నేను పుట్టిన రెండేళ్లకి పోయింది, నాకు గుర్తు లేదు. ఇంట్లో చెప్పే మాట ఒక్కటే: “పాపం, చిన్నప్పుడే అలా అయిపోయింది, చివరిదాకా పుట్టింట్లోనే పడి ఉంది.” ముప్పై ఏళ్ల వయసులో ఆ ఒక్క వాక్యం పట్టుకుని కథ రాసేశాను. ఒంటిపూట భోజనం, వంటింటి మూల, మడి, కన్నీళ్లు. అచ్చయింది, ఉత్తరాలు కూడా వచ్చాయి. మా పెద్దత్త మాత్రం చదివి, పుస్తకం మూసి, “మామ్మ ఏడవగా నువ్వు చూశావా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అసలు వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మొదట దొరికింది పేరు. మా తాతగారు గయ వెళ్లినప్పుడు పిండప్రదానానికని ఒక నోటుబుక్కు రాసుకున్నారు. తండ్రి, తాత, ముత్తాత, తల్లి వైపు వాళ్లు అయ్యాక కారుణ్య పితరులని ఇంకో జాబితా ఉంటుంది, నీకు తెలుసో లేదో. అందులో మేనత్తలు, పినతల్లులు, తోబుట్టువులు, పిల్లలు లేకుండా పోయినవాళ్లు కూడా వస్తారు, గోత్రంతో, పేరుతో. నలభై ఏళ్లు మా ఇంట్లో ఎవరూ నోటితో పలకని పేరు అక్కడ నల్లసిరాతో ఉంది. ఆవిడ అత్తవారి వైపు వాళ్లు ఇంకా ఉన్నారు కనుక ఆ పేరు ఇక్కడ రాయను. నువ్వూ అచ్చుకిచ్చే ముందు మీవాళ్లని అడుగు. మీ తాతగారు గయకో పుష్కరాలకో వెళ్లినప్పటి పుస్తకం తప్పకుండా ఉండి ఉంటుంది. అటక మీద పంచాంగాల కట్టల్లో చూడు.

పేరు ఎందుకంత ముఖ్యమంటే, పేరు లేకపోతే కాగితాల్లో మనిషే లేదు. 1951-52 మొదటి ఎన్నికలప్పుడు తమ పేరు చెప్పకుండా ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని రాయించుకున్న ఆడవాళ్లని జాబితాల్లోంచి తీసేశారు, దాదాపు 28 లక్షల మందిని. ఎక్కువమంది ఉత్తరాది వాళ్లే అయినా ఆ అలవాటు మనకీ కొత్త కాదు. పైగా అత్తగారిదీ కోడలిదీ ఒకే పేరైతే కోడల్ని ఇంకో పేరుతో పిలిచేవారు. అందుకని మీ అమ్మమ్మ అక్కకి రెండు పేర్లు ఉండొచ్చు. రెండూ రాసి పెట్టుకుని వెతుకు.

ఇప్పుడు తేదీల సంగతి. లగ్నపత్రికలో “శుక్ల నామ సంవత్సర మాఘమాసం” అని ఉంటే నువ్వు 1929 అని వేశావు. శుక్ల 1929 ఉగాదికి మొదలైంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయింది, అంటే 1930 ఫిబ్రవరి. ఈ కొద్ది నెలల తేడా చిన్నదనుకోకు. శారదా చట్టం 1929లో చేశారు, అమల్లోకి వచ్చింది 1930 ఏప్రిల్ 1న. ఆడపిల్లకి పద్నాలుగేళ్లు నిండకుండా పెళ్లి చేస్తే శిక్ష అన్నారు. ఆ మధ్యలో ఉన్న నెలల్లో దేశమంతా హడావిడిగా చిన్నపిల్లల పెళ్లిళ్లు కానిచ్చేశారు. ఎనిమిదేళ్ల పిల్లకి సరిగ్గా ఆ మాఘంలోనే ముహూర్తం ఎందుకు పెట్టారో ఇప్పుడు మీ పెద్దవాళ్లని అడుగు. నువ్వు రెండు పేజీలు రాసిన “ఆచారం” అనే సమాధానం కంటే బరువైంది దొరుకుతుందని నా నమ్మకం.

అలాగే, ఆవిడ 1935లో మద్రాసులో దుర్గాబాయమ్మగారి ఆంధ్ర మహిళా సభలో చదువుకుందని రాశావు. సభ పెట్టిందే 1937లో. వెళ్లలేదని నేననను, ఆ ఏడాది మాత్రం కాదు. ఆడవాళ్ల చదువు కోసం పెట్టిన గుంటూరు శారదా నికేతనం 1922 నుంచీ ఉంది. ఇంట్లోవాళ్లు ఒకదాని పేరు బదులు ఇంకోటి చెబుతుండొచ్చు. ఆడవాళ్ల పత్రిక గృహలక్ష్మి 1928 నుంచి వచ్చింది, దాని పాత సంచికలు కూడా తిరగెయ్యి. వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీలో నాలుగు రోజులు కూర్చుంటే నీకే తెలుస్తుంది, అప్పటి ఆడవాళ్లు ఎన్ని ఉత్తరాలు రాశారో.

ఇక దస్తావేజులు. నాకు మామ్మని తిరిగి ఇచ్చింది అవే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు ఒకటి, ఆస్తుల ఇండెక్సు ఒకటి వేరువేరుగా ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకం ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. ఈసీలు, అంటే ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రాలు, ఇంటర్నెట్‌లో దొరికేది 1983 నుంచే. అంతకుముందువి కావాలంటే ఆఫీసుకి వెళ్లాల్సిందే. మామ్మ పేరుతో రెండు దొరికాయి. మొదటిది 1941 నాటిది, మనోవర్తి రాజీ. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే అప్పట్లో భార్యకి వాటా లేదు, తిండికీ బట్టకీ మనోవర్తి మాత్రమే. 1937లో వితంతువుకి వాటా ఇస్తూ చట్టం వచ్చింది కానీ అంతకుముందే భర్త పోయినవాళ్లకి అది వర్తించలేదు. మామ్మ భర్త అంతకుముందే పోయాడు. కాబట్టి ఆవిడ మరిది మీద దావా వేసింది. మూల కూర్చుని ఏడ్చిందని నేను రాసిన మనిషి, ఇరవై ఏళ్ల వయసులో, కోర్టుకెక్కింది. రాజీలో ఎకరం ముప్పై సెంట్లు మాగాణి వచ్చింది, బతికున్నంతకాలం అనుభవించేట్టు, అమ్ముకునే హక్కు లేకుండా. దస్తావేజు చివర “వేలిముద్ర నిశాని” అని ఉంది.

రెండోది 1958. అదే మాగాణి అమ్మకం. 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది, పద్నాలుగో సెక్షను ప్రకారం ఆడవాళ్ల చేతిలో ఉన్న ఆస్తికి వాళ్లే పూర్తి హక్కుదారులయ్యారు. రెండేళ్లు తిరక్కుండా మామ్మ అమ్మేసింది. అప్పటికి ఇలాంటి భూముల మీద లాయర్లకే స్పష్టత లేదు. ఇదే తగాదా తులశమ్మగారనే తెలుగు వితంతువు సుప్రీంకోర్టు దాకా నడిపింది. భర్త 1931లో పోయాడు, మనోవర్తి రాజీ 1949లో అయింది, ఆస్తి పూర్తిగా ఆవిడదేనని తీర్పు 1977లో వచ్చింది. శేషారెడ్డిగారి మీద కేసు అది. తెచ్చుకుని చదువు. లా రిపోర్టుల్లో ఆడవాళ్ల జీవితాలు ఎన్ని ఉన్నాయో మన రచయితలు ఇంకా గుర్తించలేదు.

1958 దస్తావేజు నకల్లో, నిశాని ఉండాల్సిన చోట గుమాస్తా “వ్రాలు” అని రాశాడు, అంటే సంతకం. ఆ మాట చూసి చాలాసేపు కదల్లేకపోయాను. నకల్లో సంతకం కనబడదు. అసలు కాగితం కొన్నవాళ్ల దగ్గర ఉంటుంది. కొన్నది ఆ భూమిని కౌలుకి చేసిన రైతే. వెతుక్కుంటూ వెళ్తే ఆయన మనవడు ట్రంకుపెట్టె తీశాడు. మడతల దగ్గర చిరిగిన స్టాంపు కాగితం. కింద మామ్మ పేరు. ప్రతి అక్షరం విడివిడిగా, ఓనమాలు దిద్దినట్టు పెద్దగా ఉంది. తలకట్లు మాత్రం తర్వాత పెట్టినట్టు పక్కకి జరిగాయి. చివరి రెండక్షరాలకి చోటు చాలక కింది వరసలోకి దిగింది. పదిహేడేళ్లలో ఎప్పుడో, ఆ వంటింట్లోనే, ఆవిడ రాయడం నేర్చుకుంది. ఎవరు దిద్దించారో ఇంటిల్లిపాదినీ అడిగాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. ఎంత ఆశ పుట్టినా అక్కడ నేనేమీ కల్పించలేదు. నా పుస్తకంలో ఆ చోటు అలాగే వదిలేశాను.

ఆ రైతు మనవడు ఇంకో మాట కూడా చెప్పాడు. “పంటప్పుడు మామ్మగారే వచ్చేవారటండి, తాటాకు గొడుగు వేసుకుని. కళ్లంలో ఆవిడ నిలబడితే కుంచం తప్పు పడేది కాదనేవాడండి మా తాత.” ఆవిడ కోపంగా ఉండేదా, దిగులుగా ఉండేదా అని అడిగాను. “లెక్క బాగా వచ్చండి ఆవిడకి” అన్నాడు. మావాళ్లు మూడు తరాలవాళ్లు చెప్పలేని సంగతి అది.

భూమి అమ్మిన డబ్బుతో ఏం చేసిందంటే, మా ఇంటికి నాలుగు వీధుల అవతల రెండు గదుల పెంకుటిల్లు కొనుక్కుంది. చివరి రోజులు అక్కడే గడిపింది, తన పొయ్యి మీద తను వండుకుని. “పుట్టింట్లోనే పడి ఉంది” అన్న మాట అబద్ధం. వేరు పడిందని మా తాతగారికి కోపం. ఆ కోపం చెప్పుకోలేక ఇంట్లో ‘పాపం’ అని సరిపెట్టారు. మా పెద్దత్తకి ఇదంతా తెలుసు. ఎందుకు చెప్పలేదని అడిగితే, “నువ్వు అడగలేదు కదా” అంది.

కాబట్టి అడగడం నేర్చుకో. “ఆవిడ ఎలాంటి మనిషి?” అని అడగకు. అలా అడిగితే అందరూ మంచిదనే చెబుతారు. ఎక్కడ పడుకునేది, రాత్రి ఉప్పుడుపిండి ఎవరు చేసేవారు, ఆవిడే చేసుకునేదా, ఎవరిని కసురుకునేది, ఏ పండక్కి ఏ పని ఆవిడ చేతి మీద జరగాలి అనేవారు. ఇలాంటివి అడుగు. కొడుకులని తర్వాత అడగొచ్చు, కోడళ్లతో మొదలుపెట్టు. కోడళ్లకి అన్నీ తెలుసు, వాళ్లని ఎవరూ అడగరు. పొలం చేసినవాళ్లనీ, పాలు పోసినవాళ్లనీ అడుగు. మొదటి రోజు ఫోను రికార్డింగులో పెట్టకు, పెద్దవాళ్లకి టెన్షన్ వస్తుంది. కాఫీ తాగి, కబుర్లు విని వచ్చేయ్. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లే మొదలుపెడతారు.

ఒకటి గుర్తుంచుకో. ఈ కాగితాలన్నీ సెంటు భూమైనా ఉన్నవాళ్లకే ఉంటాయి. మీ ఇంట్లో పని చేసిన మనిషి నీ పేజీల్లో మూడుచోట్ల ‘పనిమనిషి’ అని వచ్చింది. ఆవిడకి దస్తావేజు ఉండదు, గయ నోటుబుక్కు ఉండదు. మీ అమ్మమ్మ అక్కకి నీళ్లు తోడిందీ, జ్వరం వస్తే పక్కన కూర్చున్నదీ ఆవిడే అని నువ్వే రాశావు. ఆవిడ పేరు కూడా కనుక్కో. వాళ్లవాళ్లు ఊళ్లోనే ఉంటారు.

నీ రాత గురించి వేరే చెప్పను, వాక్యం బాగుంది. ఇరవై ఒకటో పేజీలో కాలవ గట్టు మీద ఆరేసిన తెల్లచీర గాలికి ఎగిరి అవతలి రేవులో పడటం, దాన్ని తెచ్చివ్వడానికి ఎవరూ ముందుకు రాకపోవడం, ఆవిడే పడవ ఎక్కి వెళ్లి తెచ్చుకోవడం ఉంది చూడు, అది మీ అమ్మమ్మ కళ్లారా చూసి చెప్పిందని రాశావు. పుస్తకం అక్కడ మొదలుపెట్టు. ‘పాపం’ ఒక్కటి కూడా లేని పేజీ అది.

కాగితాల వెనక పెన్సిల్‌తో ప్రశ్నలు రాసి తిప్పి పంపుతున్నాను. అన్నిటికీ జవాబు దొరక్కపోయినా ఫర్వాలేదు. మొదటిదానికి మాత్రం ఈ నెలలోనే మీ పెద్దత్త దగ్గరికి వెళ్లు, ఆవిడకి ఎనభై ఎనిమిదన్నావు కదా. మీ అమ్మమ్మ అక్కగారి పెట్టెకి తాళం ఉండేదా? ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది?

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ