సల్వా రౌదా షుకైర్‌కి గుర్తింపు అంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది?

నా పేచీ అంతా ఆ "ఆలస్యం" దగ్గరే. 1916లో పుట్టిన ఈ లెబనాన్ చిత్రకారిణి, శిల్పి 1947లోనే బీరూట్‌లో నైరూప్య చిత్రాలు, అంటే మనిషో చెట్టో కాకుండా ఉత్త ఆకారాలూ రంగులూ ఉండేవి, ప్రదర్శించింది. అరబ్ దేశాల్లో అలాంటి ప్రదర్శనల్లో అదే మొదటిదంటారు. తర్వాత పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు ఫెర్నాన్ లెజే స్టూడియోలో కొన్నాళ్లు పనిచేసి మళ్లీ బీరూట్ చేరింది. రాయి, చెక్క, ఫైబర్‌గ్లాస్, నైలాన్ దారం... చేతికి ఏది దొరికితే దానితో చేసింది, నగలూ తివాచీలూ కూడా. 2013లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో పెద్ద ప్రదర్శన పెట్టగానే పేపర్లన్నీ ఈవిడ ఇప్పుడే దొరికినట్టు రాశాయి. అప్పటికి ఆవిడకి 96 ఏళ్లు. తప్పిపోయింది ఎవరు మరి?

ఆ ప్రదర్శనకి మా నాన్నని తీసుకెళ్లాను. నాన్న వడ్రంగి, మ్యూజియం అంటే ఆవులింత. "పద్యాలు" అని ఈవిడ 1960ల్లో చేసిన వరస ఒకటుంది, ఒకదాని మీద ఒకటి కూర్చునే చెక్క ముక్కలు, రాతి ముక్కలు. దేనికదే ఒక చరణం, అన్నీ కలిస్తే పద్యం, మన శతకంలో ఏ పద్యానికా పద్యం నిలబడినట్టు. నేను ఇదంతా చెప్పబోతుంటే ఆయన వినడం లేదు. వంగి కింద నుంచి చూస్తున్నాడు, అటు తిరిగి వెనక నుంచి చూస్తున్నాడు. "ఒరేయ్, మేకు లేదు, జిగురూ లేదు, బరువు మీదే కూర్చోబెట్టింది," అని వేలు చాచేసరికి గార్డు పరుగున వచ్చాడు. సారీ చెప్పింది నేను. నాన్న మాత్రం, "ఈవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో అడుగు," అన్నాడు.

అదీ అర్థం కావడమంటే! మనవాళ్లేమో రాతిలో ముక్కూ మొహం కనపడకపోతే "ఇది మా బుడ్డోడు కూడా చేస్తాడు" అనేస్తారు. సెంటర్‌లో నిలబెట్టిన నాయకుడి వేలు ఎటు చూపిస్తోందో మాత్రం గంట చర్చిస్తారు.

సరే, కారణాలు అడిగారు కాబట్టి. 1975 నుంచి 1990 దాకా లెబనాన్‌లో అంతర్యుద్ధం. ఆవిడ పాత పెయింటింగ్ ఒకటి బాంబు దెబ్బకి చిల్లులు పడింది, గాజు పెంకులు ఇంకా అందులోనే ఉన్నాయి, టేట్‌లో అలాగే వేలాడదీశారు. నాన్న దాని ముందు కూడా చాలాసేపు నిలబడ్డాడు, ఏమీ అనలేదు.

ఊరెళ్లాక మిగిలిన టేకు ముక్కలతో అలాంటిదే ఒకటి మొదలుపెట్టాడు. మూడు కూర్చున్నాయి, నాలుగోది కూర్చోవట్లేదు. కర్ర పచ్చిదట.