డ్రాగన్, ఘటసర్పం, నాగు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. నేను మారతహళ్లిలో ఒక ఆటల కంపెనీలో పనిచేస్తున్నాను. ఇంగ్లీషులో ఉన్న ఒక ఫాంటసీ గేమును తెలుగు, కన్నడం, తమిళాల్లోకి తెస్తున్నాం. తెలుగు నా వంతు. అందులో అడుగడుగునా డ్రాగన్ వస్తుంది. రెక్కలు, నాలుగు కాళ్లు, నోట్లోంచి మంటలు. కన్నడం రాసే మిత్రుడు ఆలోచించకుండా ‘ఘటసర్ప’ అని రాసేశాడు. నేను ‘డ్రాగన్’ అనే ఉంచితే పైవాళ్లు తెలుగు మాట కావాలన్నారు. ‘రెక్కల నాగు’ అని మార్చాను. అది చూసి మా అమ్మమ్మ, “నాగును చంపితే బంగారం వస్తుందా? ఇదేం ఆటే తల్లీ!” అని నొచ్చుకుంది. ఏ మాట వాడాలి? ‘డ్రాగన్ వచ్చింది’ అనాలా, ‘వచ్చాడు’ అనాలా?
— ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: మీ అమ్మమ్మగారు నొచ్చుకోవడంలో న్యాయం ఉందమ్మా. ముందు ఆవిడ పక్షాన మాట్లాడి, తరువాత మీ పైవాళ్ల సంగతి చూస్తాను.

మీరున్న ఊళ్లోనే ఏ పాతపేటకైనా వెళ్లి రావిచెట్టు కట్ట చూడండి. జంటపాములు మెలివేసుకున్న నాగశిలలు వరసగా నిలబెట్టి ఉంటాయి. పడగల మీద పసుపు పూసి, కుంకుమ అద్ది ఉంటుంది. దొడ్డబళ్లాపురం దగ్గరి ఘాటి సుబ్రహ్మణ్యానికి వెళితే అలాంటి శిలలు ఎక్కడ పడితే అక్కడే. సంతానం కోసం మొక్కుకున్నవాళ్లు నిలిపినవి. మనవాళ్లు రాయలసీమలో శ్రావణంలోనూ కోస్తాలో కార్తికంలోనూ నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తారు. ‘నాగు’ అన్నమాటకు వెనక ఇంత ఉంది. దాన్ని పట్టుకెళ్లి, కత్తితో పొడిస్తే బంగారు నాణేలు రాలే జంతువుకు తగిలించకూడదు. ‘రెక్కల నాగు’ తీసెయ్యండి.

ఇక అసలు మాట. గ్రీకులో ‘ద్రాకోన్’ అంటే పెద్ద పాము, అంతే. రెక్కలూ కాళ్లూ తరువాతి యూరప్ చిత్రకారులూ కథకులూ తగిలించినవి. లాటిన్‌లో ద్రాకో అయి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు వచ్చి డ్రాగన్ అయింది. ఈ ద్రాకోన్‌కు మూలం ‘చూచుట’ అనే అర్థంగల గ్రీకు ధాతువని ఎక్కువమంది భాషావేత్తల మాట. అది మన ‘దృశ్’ ధాతువుకు తోబుట్టువు. మనం ‘దదర్శ’ అంటే వారు ‘దెదొర్క’ అన్నారు. అంటే డ్రాగన్ అనే పేరులో మంట లేదు, రెక్క లేదు. చూపు ఉంది. పాముకు ఆడే కనురెప్ప లేదు, పారదర్శకమైన పొర ఒకటి కంటిని కప్పి ఉంటుంది. అందుకే అది రెప్పవెయ్యకుండా చూస్తున్నట్టే ఉంటుంది. ఆ చూపు ఎదురైనవాడు పెట్టిన పేరది.

ఇది చదివిన ప్రతిసారీ నాకు నన్నయ గుర్తుకొస్తాడు. అమరకోశం పాముకు ‘చక్షుఃశ్రవస్సు’ అని ఒక పేరు చెప్పింది, కన్నే చెవిగా కలది అని. పాముకు బయటికి కనిపించే చెవులు లేవు కనుక కళ్లతోనే వింటుందని మనవాళ్ల ఊహ. గ్రీకువాడూ మనవాడూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే పాములో మొదట కంటినే పట్టుకున్నారు. ఆ ఊహను నన్నయ ఎక్కడ వాడాడో చూడండి. ఆదిపర్వంలో ఉదంకుడు గురుపత్ని కోసం పౌష్య మహారాజు దేవి దగ్గర కుండలాలు తెస్తూంటే తక్షకుడు అపహరించి నాగలోకానికి పారిపోతాడు. ఉదంకుడు వెంబడించి పాతాళానికి దిగి, అక్కడ నాగరాజులను నాలుగు పద్యాల్లో స్తుతిస్తాడు. ‘బహువనపాదపాబ్ధి’ అని మొదలయ్యేది మీరు బళ్లో చదివే ఉంటారు. మొదటి రెండూ అనంతుడికీ వాసుకికీ. నాలుగోది దొంగ అయిన తక్షకుడికే:

ధాత్రిఁ బరిభ్రమించు బలదర్పపరాక్రమదక్షుఁ డీక్షణ
శ్రోత్రవిభుండు తక్షకుఁడు శూరుఁడు మాకుఁ బ్రసన్నుఁ డయ్యెడున్

ఈక్షణం అంటే కన్ను, శ్రోత్రం అంటే చెవి. ‘ఈక్షణశ్రోత్రులు’ పాములు, వారి విభుడు తక్షకుడు. సొమ్ము ఎత్తుకుపోయినవాణ్ణి పట్టుకుని శూరుడు, ప్రభువు, దయచూడుగాక అంటున్నాడు ఉదంకుడు. ‘సర్పవిభుండు’ అంటే అర్థం సరిపోయేది. కానీ నన్నయ ఈక్షణాన్ని తెచ్చి పాదం చివర నిలిపి, శ్రోత్రాన్ని తరువాతి పాదానికి దించాడు. పద్యం చదివేవాడు ‘ఈక్షణ’ దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు, చూపు దగ్గర ఆగినట్టే. యతిప్రాసలు కుదిరాయని సంబరపడేవారికి ఈ ఆగడం వినపడదు. బిగ్గరగా చదివితేనే వినిపిస్తుంది.

మీకు కావలసిన మంట మూడో పద్యంలో ఉంది. దాన్ని పూర్తిగా ఇస్తాను:

దేవమనుష్యలోకములఁ ద్రిమ్మరుచున్ విపులప్రతాపసం
భావితశక్తిశౌర్యులు నపారవిషోత్కటకోపవిస్ఫుర
త్పావకతాపితాఖిలవిపక్షులు నైన మహానుభావు లై
రావతకోటిఘోరఫణిరాజులు మాకుఁ బ్రసన్ను లయ్యెడున్

రెండో పాదం నడుమ మొదలైన సమాసం మూడో పాదంలోకి పాకింది. అపారమైన విషంతో పెచ్చుపెరిగిన కోపమనే నిప్పు, ఆ నిప్పుతో శత్రువులందర్నీ కాల్చినవారు అని. విషం కోపమైంది, కోపం నిప్పైంది. సమాసం సాగుతూంటే పాము చుట్ట విప్పుతున్నట్టే ఉంటుంది. నిప్పుతో పగవాణ్ణి మాడ్చే ఘోరఫణులు, దేవలోకంలోనూ మనుష్యలోకంలోనూ తిరుగాడేవాళ్లు పదకొండో శతాబ్దిలో రాజమహేంద్రవరంలో కూర్చున్న కవికి కనిపించారు. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఇది రూపకం. నన్నయ పాముల నోట మంట రాదు, కోపమే మంట. నిజమైన మంట ఆ కథలో వేరేచోట ఉంది. స్తోత్రం తరువాత ఉదంకుడు ఒక దివ్యపురుషుడు చెప్పినట్టు గుర్రం చెవిలో ఊదితే, ఆ గుర్రంలోంచి జ్వాలలు వెడలి నాగలోకం నిండుతుంది. తక్షకుడు హడలి కుండలాలు తెచ్చి ఇస్తాడు. అక్కడ నిప్పుకు భయపడింది పామే!

ఇంగ్లీషువారి పాత కావ్యం బేవుల్ఫ్‌లోనూ దొంగతనమే. నిధి మీద నిద్రపోతున్న డ్రాగన్ దగ్గర ఒకడు పాత్ర కాజేస్తాడు, అది లేచి ఊళ్లు తగలబెడుతుంది, ముసలిరాజు దాన్ని చంపి తానూ చస్తాడు. మనకు చంపిన కథలు లేవని కాదు. ఇంద్రుడు వృత్రుణ్ణి చంపాడు, ఋగ్వేదం అతణ్ణి ‘అహి’ (పాము) అనే అంది. కానీ తరువాతి మన కవులు నాగుల దగ్గరికి వచ్చేసరికి స్తుతి అందుకున్నారు. సర్పయాగం సైతం ఆస్తీకుడి వల్ల మధ్యలోనే ఆగింది. మీ ఆటలో డ్రాగన్ బేవుల్ఫ్ సంతానం, తక్షకుడి సంతానం కాదు.

చీనావారి డ్రాగన్ ‘లుంగ్’ సంగతి మళ్లీ వేరు. రెక్కలుండవు, నీటికీ వానకూ అధిపతి, శుభం. బౌద్ధగ్రంథాలను అనువదించినప్పుడు వారు మన ‘నాగ’ శబ్దానికి ‘లుంగ్’ అనే రాశారు. నాగార్జునుడి పేరు చీనాలో ‘లుంగ్‌షు’. కృష్ణాతీరంలో ఎవరి పేర కొండ ఉన్నదో ఆ ఆచార్యుడు వారికి డ్రాగన్ పేరుగల మహాత్ముడు. ఇది తెలియక మన పత్రికలవాళ్లు సరిహద్దులో ఏ గొడవ వచ్చినా ‘డ్రాగన్ దుశ్చర్య’, ‘బుసకొట్టిన డ్రాగన్’ అని శీర్షికలు పెడతారు. పక్కదేశాన్ని విమర్శించాలంటే ఆ దేశం పేరుతోనే విమర్శించవచ్చు. వారు పూజించుకునేదాన్ని తిట్టుగా వాడడం భాషకు శోభ కాదు. మన నాగును అలా వాడితే ఊరుకుంటామా?

ఇప్పుడు ఘటసర్పం. మీ కన్నడ మిత్రుడు గాలిలోంచి తియ్యలేదు. తెలుగు బైబిల్లో, ప్రకటన గ్రంథం పన్నెండో అధ్యాయంలో, ఏడు తలలు పది కొమ్ములు గల ‘యెఱ్ఱని మహాఘటసర్పము’ ఉంది. కన్నడ బైబిల్లోనూ ఇదే మాట. తమిళులు ‘వలుసర్ప్పం’ అన్నారు. ఘటసర్పం అంటే మొదట కుండలోని పాము. నిందపడ్డవాడు పామున్న కుండలో చెయ్యిపెట్టి ఉంగరం తియ్యాలి, కాటు పడకపోతే నిర్దోషి. అదొక దివ్యపరీక్ష. ఆ భయమంతా మాటలో నిలిచిపోయి, అర్థం భయంకరమైన మహాసర్పం వైపు జరిగింది. చర్చిలో తరతరాలుగా వింటున్న తెలుగువాళ్లకు ఇది పరిచితమైన మాట. పండితులు చిన్నచూపు చూసినంత మాత్రాన తెలుగు కాకుండా పోదు. (మరాఠీలో ఘటసర్ప అంటే డిఫ్తీరియా జబ్బు. ఆ భాషలోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త.)

మరి ఏది వాడాలి? సైతానులాంటి దుష్టజీవి, కథంతటికీ ఒక్కటే శత్రువు అయితే ఘటసర్పం గంభీరంగా ఉంటుంది. కానీ మీ ఆటల్లో ఒకటి కాదు, జాతులు ఉంటాయని నా దగ్గర చదువుకున్న కుర్రవాళ్లు చెబుతుంటారు. 1974లో అమెరికాలో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ఎర్రది మంట కక్కితే, తెల్లది చలి, నీలంది మెరుపు, నల్లది ఆమ్లం, ఆకుపచ్చది విషవాయువు కక్కుతాయి. రెండు కాళ్లదైతే వైవర్న్ అని వేరే పేరు. ఇన్నింటికి ‘అగ్నిసర్పం’ అని ఒక్క ముద్ర వేస్తే చలి కక్కేదాని గతేమిటి? అందుకని ఇప్పటికి నా మొగ్గు ‘డ్రాగన్’ వైపే. పిల్లలందరికీ తెలుసు, బహువచనమూ విభక్తులూ హాయిగా చేరతాయి: డ్రాగన్లు, డ్రాగన్ను, డ్రాగనుకు. మీ పైవాళ్లు పట్టుబడితే ఘటసర్పం రాయండి. నేను తప్పు పట్టను. ‘రాక్షసబల్లి’ మాత్రం వద్దు, అది డైనోసార్‌కు స్థిరపడిన మాట.

మాట ఇంగ్లీషుదైనా వాక్యం తెలుగుగా ఉండాలి. నాకు బాధ కలిగించేది అక్కడే. ఈ మధ్య ఆటల్లో, డబ్బింగ్ బొమ్మల్లో ‘డ్రాగన్ అగ్నిని శ్వాసిస్తుంది’, ‘మీరు డ్రాగన్ చేత చంపబడ్డారు’ అని వినపడుతోంది. ఇలా మాట్లాడే తెలుగువాణ్ణి నేను చూడలేదు. ‘నిప్పులు కక్కింది’ అనండి, ‘డ్రాగన్ మిమ్మల్ని చంపేసింది’ అనండి. నిధి కాపలా కాసే సన్నివేశంలో ‘లంకెబిందెలు’ వాడితే మన పల్లెల్లో పాతరల మీద పాము కాపలా ఉంటుందన్న కథలన్నీ ఒక్క మాటతో వచ్చి కూర్చుంటాయి.

వచ్చిందా, వచ్చాడా? పేరులేని మృగమైతే ‘వచ్చింది’. పేరు ఉండి, మాట్లాడుతూ, మగవాడిగా చిత్రించినదైతే ‘వచ్చాడు’ అనవచ్చు. తక్షకుణ్ణి నన్నయ ‘శూరుఁడు’ అన్నాడు కదా. ఆడదైతే ఏకవచనంలో చిక్కే లేదు, రెండింటికీ ‘వచ్చింది’ సరిపోతుంది.

కొమోడో డ్రాగన్ ఉడుము జాతిదే, పెద్ద ఉడుము అంటే చాలు. ఇంగ్లీషులో డ్రాగన్ పేరు మోసే ఈగకు మనకు ‘తూనీగ’ ఉంది. ఆటలో చెరువుగట్టు వచ్చినప్పుడు దాన్ని ‘డ్రాగన్ ఈగ’ అని మాత్రం రాయకండి.