జోన్‌ను ‘వాడ’ అనొచ్చా?

సందేహం: మాది ధవళేశ్వరానికి దిగువన, కాలవ గట్టున ఉన్న ఊరు. ఈమధ్యే చుట్టుపక్కల పంచాయతీలను కలిపి పట్టణం చేశారు. ఎక్కడ ఇళ్లు కట్టుకోవాలి, ఎక్కడ దుకాణాలు పెట్టుకోవాలి, బోర్డులు ఎంత సైజులో ఉండాలి అంటూ తొలిసారి నిబంధనల ముసాయిదా తయారుచేసి అభ్యంతరాలు చెప్పమన్నారు. అందులో జోన్ అన్న మాటను ‘మండలం’ అని రాశారు. నివాస మండలం, వాణిజ్య మండలం, పారిశ్రామిక మండలం అని చదివి మా వీధిలో ఒకాయన ‘వీటికి ఎమ్మార్వో ఎవరండీ?’ అన్నారు. జోన్‌కు సరైన తెలుగు మాట ఏది? సైన్‌బోర్డును ‘నామఫలకం’ అనడం ఒప్పేనా? — ఒక పాఠకుడు

సమాధానం: మీ వీధి ఆయన్ని ముసాయిదా రాసే కమిటీలో వేసుకుని ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు.

మండలం మంచి మాటే, కాదనను. సూర్యమండలం, చంద్రమండలం అన్నప్పుడు బింబం. వైద్యుడు మండలం రోజులు మందు వాడమంటే అది కాలం లెక్క. కానీ 1985లో తాలూకాలను తీసేసి మండలాలు పెట్టాక ఆ మాటకు ఒక ఆఫీసూ, ఒక కుర్చీ, ఒక రబ్బరు ముద్రా వచ్చి చేరాయి. నలభై ఏళ్లుగా జనం నోట్లో ఆ అర్థమే నలుగుతోంది. ఇప్పుడు ఒకే ఊళ్లో మూడు మండలాలంటే ఎమ్మార్వో కోసం వెతక్క ఏం చేస్తారు?

పోనీ జోన్ అనే ఉంచేద్దామా అంటే నాకేం పంతం లేదు. ఉద్యోగాల లెక్కలో 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఉభయ గోదావరి జిల్లాలనూ కృష్ణానూ కలిపి రెండో జోన్ అన్నారు. ఆ ముక్క తెలియకుండా మన వైపు డిగ్రీ చదివినవాడు లేడు. రైల్వే వాళ్లదీ జోనే. అర్థమయ్యే మాటను వెళ్లగొట్టి అర్థం కాని సంస్కృతాన్ని తెచ్చి కూర్చోబెట్టడం భాషాసేవ అనుకునే వాళ్లతో నాకు ఎప్పుడూ పడదు.

అయినా తెలుగు మాట అడిగారు కాబట్టి చెబుతాను: వాడ. ఈ మాట మీద నాకున్న ప్రేమ తెలిసినవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసినా ఏమీ అనుకోను.

సంస్కృతంలో వాటం అంటే చుట్టూ కంచె కట్టిన చోటు. ఘటిక మనకు గడియ అయినట్టే వాటంలోని టకారం డకారమై వాడ అయింది. మహారాష్ట్రులు దీన్నే పెద్ద లోగిలికి వాడా అని వాడుకున్నారు, పుణెలో శనివార్ వాడా ఉంది కదా. మన దగ్గర మాత్రం కంచె మాట మరుగున పడి, లోపలుండే మనుషుల గుంపు మిగిలింది. ఊరూ వాడా ఏకమైంది అంటాం, వాడవాడలా జెండా ఎగరేశారంటాం, తెలంగాణలో వాడకట్టు అంటారు. బెజవాడ, గుడివాడ కృష్ణా వైపువి. మన గోదావరి వైపు ఊరి పేరు చివర లంకలు, పాలేలు, పర్రులు ఎక్కువ, వాడ ఎక్కువగా ఊరి లోపలే ఉంటుంది. సంస్కృత రూపం కూడా ఎక్కడికీ పోలేదు. ఉద్యానవాటిక, పుష్పవాటిక, చివరికి శ్మశానవాటిక. అంటే ఫలానా పనికి ఫలానా చోటు అని హద్దు గీసి కేటాయించడం ఈ మాట పుట్టుకలోనే ఉంది. జోన్ అంటే అంతకన్నా ఏముందండీ?

(వాడ అంటే ఓడ అని ఇంకో మాట ఉంది, చీరాల దగ్గర వాడరేవు అందులోదే. దానికీ దీనికీ చుట్టరికం లేదు.)

ఇది నేను కొత్తగా కనిపెట్టిందీ కాదు. పత్రికల వాళ్లు ఎప్పటినుంచో పారిశ్రామికవాడ అని రాస్తూనే ఉన్నారు, జీడిమెట్ల పారిశ్రామికవాడ అంటే అర్థం కాలేదని ఎవరూ ఉత్తరం రాయలేదు. మరి ఫ్యాక్టరీలకు పనికొచ్చిన వాడ ఇళ్లకూ దుకాణాలకూ ఎందుకు పనికిరాదు? రియల్ ఎస్టేట్ వాళ్లు వరిచేను పూడ్చి, నాలుగు వైపులా గోడ కట్టి, కమాను మీద ‘ఎన్‌క్లేవ్’ అని రాయించుకుంటున్నారు. చుట్టూ గోడ కట్టిన చోటు అనే కదా దానర్థం, అది అచ్చంగా వాడే! ఇంగ్లీషులో చెబితే గజానికి ఇంకో వెయ్యి పలుకుతుంది, తెలుగులో చెబితే నామోషీ.

అన్నమయ్య ఒక కీర్తనలో దేవుణ్ణి వాడల వాడల వెంట చీరలమ్ముకుంటూ తిరిగే నేతబేహారిని చేశాడు. బేహారి అంటే వర్తకుడు, వ్యవహారి అన్న మాట జనం నోట్లో నలిగి అలా అయింది. పంచభూతాలు ఆయన దగ్గరున్న రంగురంగుల నూలు, చంచలత్వం దానికి పెట్టే గంజి, గుణాలు కలిపి నేసిన దేహాలు ఆయన అమ్మే చీరలు. వేదాంతం సంగతి వేదాంతులు చూసుకుంటారు, నాకు నచ్చేది ఆ వ్యాపారం తీరు. నేసినవాడే అమ్ముతున్నాడు, అదీ అంగట్లో కూర్చుని కాదు, జనం కాపురాలుండే వాడల్లోకి వచ్చి. అన్నమయ్య ఎరిగిన వాడలో ఇల్లూ, పనీ, బేరమూ ఒక్కచోటే ఉన్నాయి. నివాస మండలంలో వ్యాపార కార్యకలాపములు నిషేధింపబడినవి అని మీ ముసాయిదాలో కూడా ఉంటే, శ్రీనివాసుడికి మొదటి నోటీసు ఇవ్వాలి.

నవ్వులాటకు అనడం లేదు. అంగరలోనో పులుగుర్తలోనో నేతగాళ్ల ఇళ్లకు వెళ్లి చూడండి, గుంటమగ్గం ఉండేది ఇంట్లోనే, నేసే చోటికీ వండే చోటికీ మధ్య గడప ఒక్కటే అడ్డం. ఆత్రేయపురంలో పూతరేకులు ఫ్యాక్టరీలో పుట్టలేదు. ఇంటి పంచలో పొయ్యి మీద కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, నీళ్లలా పల్చగా కలిపిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి ఆ కుండ మీద పరిచి లాగుతారు. గుడ్డ చేతికొస్తుంది, రేకు కుండ మీద నిలుస్తుంది. క్షణంలో దాన్ని ఎత్తి పక్కన పెట్టి మళ్లీ గుడ్డ ముంచుతారు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకు ఇది. ఆ పంచ నివాసమా, వాణిజ్యమా, పరిశ్రమా? ముసాయిదాలోని మూడు మండలాల్లో ఆ ఇల్లాలు దేనికి చెందుతుందో తేల్చకుండా, మాట కోసం మనం ఎంత కొట్టుకున్నా ఏం లాభం?

ఇంత చెప్పి కూడా వాడే ఖాయం చేయండి అనడానికి నాకు నోరు రావడం లేదు. కారణం వెలివాడ. మన పల్లెల్లో ఈ జోన్లు ఏనాటినుంచో ఉన్నాయి, గీసింది మాత్రం కులం. ఎవరి వాడ వాళ్లకుండేది, ఎవరి నుయ్యి వాళ్లకుండేది. వాడ వద్దు, దుకాణాలున్న చోటుకు పేట అందాం అంటారేమో. పేటకు పుట్టుకతో ఉన్న అర్థం ఊరిని ఆనుకుని పెరిగిన అంగళ్ల బస్తీయే, కాకినాడలో రామారావుపేట, రాజమండ్రిలో దానవాయిపేట అన్నప్పుడు ఎవరికీ ఏమీ అనిపించదు. కానీ కోనసీమ పల్లెలో ముందు పేరేమీ లేకుండా ఒట్టి ‘పేట’ అంటే ఎవరుండే చోటో అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. పారిశ్రామికవాడలో ముందున్న మాట ఆ వాసన పోగొట్టింది. ‘ఇళ్లవాడ’ అన్నప్పుడు పోతుందా? నా చెవికి పోతుంది. ఆ వాడల్లో పెరిగినవాళ్ల చెవికి ఎలా ఉంటుందో వాళ్లనే అడగాలి, నిఘంటువును అడిగితే చెప్పదు. ‘నివాసవాడ’ మాత్రం వద్దు, అది నడిసెంటర్ లాంటిది, చెప్పిందే రెండుసార్లు చెప్పడం.

కాబట్టి నిబంధనల పుస్తకంలో జోన్ అనే ఉంచమనండి. పటం మీద ఇళ్లు, దుకాణాలు, పరిశ్రమలు అని రాసి రంగులేస్తే చాలు. వాడ సంగతి జనం తేలుస్తారు.

బోర్డు విషయం త్వరగా చెప్పేస్తాను. నామఫలకం అంటే తప్పేమీ కాదుగానీ, శంకుస్థాపన రోజున మంత్రిగారు ముసుగు తీసే రాయి గుర్తొస్తుంది. ఫలకం మనకు పలకై ఏ కాలానో బడికి వెళ్లిపోయింది. కిరాణా కొట్టుకు ఉండేది బోర్డే, దాన్ని బోర్డు అనండి. హోర్డింగుకూ వేరే పేరు వెతక్కండి. ముసాయిదా రాసినవాళ్లు నిజంగా సిగ్గుపడాల్సింది ‘అనుమతి లేని నామఫలకములు తొలగింపబడును’ లాంటి వాక్యాలకు. ఎవరు తొలగిస్తారు? గాలా, వానా? ‘అనుమతి లేని బోర్డులను మున్సిపాలిటీ తీసేస్తుంది’ అని రాస్తే, తీసేసేదెవరో తెలుస్తుంది, తగాదా పడటానికి ఎక్కడికి వెళ్లాలో కూడా తెలుస్తుంది. బోర్డు మీద తెలుగు ఉండాలన్న నిబంధన పెడితే అక్షరాల సైజు కూడా అందులోనే చెప్పమనండి. లేకపోతే ఇంగ్లీషు పేరు గజం ఎత్తున పెట్టి, కింద మూల తెలుగును మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీలాగా వేస్తారు.

అభ్యంతరాలు చెప్పమన్నారు కాబట్టి మీరు రాసే కాగితంలో మొదట ఇంటిపట్టున చేసుకునే పనుల సంగతి అడగండి: మగ్గం, పూతరేకులు, కుట్టుమిషను, పచ్చళ్లు. మండలం మాట మార్చమనడం దాని కింద రాయండి.