సమాధానం: ఇద్దరు డౌలాల రుసుముల్లో అంత తేడా ఎందుకు?

ఇద్దరు డౌలాల్లో (కాన్పు సమయంలో తల్లికి తోడుండి ధైర్యం చెప్పే, వైద్యేతర సహాయకులు) ఒకరు మరొకరికి రెట్టింపు రుసుము చెప్పారని, అంత తేడా ఎందుకని మీరు అడిగారు. దానికి కారణం, అనుభవం కన్నా, పిలుపు కోసం సిద్ధంగా ఉండే కాలమే కావచ్చు. కాన్పు ఏ రోజు వస్తుందో తెలియదు కనుక, 38వ వారం నుంచి ప్రసవం వరకు రాత్రీపగలూ అందుబాటులో ఉండేవారు ఆ వారాలకు కూడా కలిపే రుసుము చెబుతారు.

1. ముందు సమావేశాలు, కాన్పంతా తోడుండడం, ఆ తర్వాతి సందర్శన వంటి వాటిలో ఏవేవి కలిశాయో ఇద్దరినీ రాతపూర్వకంగా అడగండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: బయానా ఇవ్వకముందే, ప్రసవ గదిలోకి భర్తతో పాటు డౌలాను కూడా అనుమతిస్తారో లేదో ఆసుపత్రిలో కనుక్కోండి. ఒక్కరినే రానిచ్చే చోట మీరు కట్టినదంతా ఫోన్ సలహాలకే పరిమితమవుతుంది. సిజేరియన్ అయితే ఆపరేషన్ గదిలోకి రానిస్తారా, రానివ్వకపోతే ఎంత తిరిగి ఇస్తారు అన్నవి కూడా ఒప్పందంలో ఉండాలి.

3. మీ డౌలా రాలేని రోజున ఎవరు వస్తారో తెలుసుకుని, వారితో ఒకసారి మాట్లాడండి.

ఇక విలువ సంగతి. 26 పరిశోధనలను కలిపి చూసిన 2017 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనలను సమీక్షించే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష ప్రకారం, నిరంతర తోడు ఉన్నవారిలో సహజ ప్రసవాలు పెరిగాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం కొంత తగ్గింది. అయితే డౌలా వైద్య పరీక్షలు చేయరు, కాన్పు చేయరు. అవి కూడా చేస్తామని హామీ ఇచ్చేవారికి, నా ఉద్దేశంలో, తక్కువ రుసుమైనా దండగే. రెండు రుసుములూ భారమైతే, శిక్షణలో ఉన్న డౌలాలు తక్కువకే వస్తారేమో విచారించండి.