క్యోటోలో దణ్ణం ఎక్కడ, చప్పట్లు ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏప్రిల్‌లో మేమిద్దరం వెళ్తున్నాం. క్యోటోకి ఒక్క రోజే తీసుకెళ్ళగలనన్నాడు. మావారు అప్పుడే కాగితం మీద పదకొండు గుళ్ళు రాసి పెట్టుకున్నారు. నాకేమో మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం. మా అత్తగారు పోయి నాలుగు నెలలైంది. ఏటిసూతకంలో అక్కడి గుళ్ళకు వెళ్ళొచ్చా? ఆ దేవుళ్ళకు మనం దణ్ణం పెట్టుకోవచ్చా? మేం ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టం. తిండి ఎలా? (పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందు ఆ కాగితం చింపెయ్యమనండి. 794 నుంచి 1868 దాకా రాజధానిగా ఉన్న ఊరది. ఒక్క రోజులో పదకొండు గుళ్ళంటే మీరు చూసేది బస్టాపులే. మూడు చాలు.

పేరుమోసినవి రెండు తీసేస్తున్నాను, మీవారు కోప్పడినా సరే. కియోమిజు గుడికి దారంతా ఎగుడే, మీ మోకాళ్ళు ఒప్పుకోవు. బంగారు మంటపం కింకాకుజీ చెరువు ఇవతల నుంచి చూసి రావాల్సిందే, లోపలికి పోనివ్వరు. ఇప్పుడున్నదీ పాతది కాదు. 1950లో ఒక యువ సన్యాసి నిప్పు పెడితే కాలిపోయింది, 1955లో మళ్ళీ కట్టారు.

పొద్దున్నే ఒసాకాలో కేహాన్ రైలెక్కి షిచిజోలో దిగండి. కాస్త నడిస్తే సంజూసాంగెన్‌దో. మెట్లెక్కే పని లేదు. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాలి, చెక్క నేల కాళ్ళకు చల్లగా తగులుతుంది కాబట్టి మందపాటి సాక్సులు వేసుకోండి. దాదాపు 120 మీటర్ల పొడవున్న హాలు. అందులో 1001 కన్నోన్ విగ్రహాలు, అంటే మన బౌద్ధంలోని అవలోకితేశ్వరుడే. 1249లో మొదటి గుడి తగలబడితే 1266లో తిరిగి కట్టారు. మంటల్లోంచి బయటికి తెచ్చుకున్న పాత విగ్రహాలు 124 ఈ వరసల్లోనే ఉన్నాయి.

అందరూ ఆ వెయ్యింటినీ చూసి నోరు తెరుస్తారు. మీరు మాత్రం ముందు వరసలో నిలబడ్డ 28 మంది పరివార దేవతల దగ్గర ఆగండి. పక్షి ముక్కుతో, రెక్కలతో ఒకాయన వేణువు ఊదుతుంటాడు. గరుత్మంతుడే! అక్కడ కరురా అంటారు. ఎముకలు తేలిన ముసలి ఋషి వసువు. బ్రహ్మ, ఇంద్రుడు, అసురుడు కూడా ఉన్నారు. ఒక కొసన భుజాల మీదుగా గాలిసంచి పట్టుకున్న వాయుదేవుడు, రెండో కొసన వీపు చుట్టూ డప్పులు కట్టుకున్న ఉరుముల దేవుడు. స్ఫటికం పొదిగిన కళ్ళు తళుక్కుమంటుంటాయి. ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే. మీ అబ్బాయి ఫోన్‌లో వెతికేలోపు వాళ్ళెవరో మీరే చెప్పేస్తారు.

అక్కణ్ణుంచి టాక్సీలో తోజీ. దాని అయిదంతస్తుల గోపురం దాదాపు 55 మీటర్లు, జపాన్‌లో చెక్క గోపురాల్లో అదే ఎత్తయినది. దాన్ని బయట నుంచి చూసి ఉపన్యాస మందిరంలోకి వెళ్ళండి. 21 విగ్రహాల కొలువు. నాలుగు హంసల మీద బ్రహ్మ, ఏనుగు మీద ఇంద్రుడు! బ్రహ్మకు గుడి అరుదైన దేశం నుంచి వెళ్ళి ఆయన్ని అక్కడ చూడటం నాకు భలే గమ్మత్తుగా అనిపించింది. 823లో చక్రవర్తి ఈ గుడిని కూకాయ్ అనే ఆచార్యుడికి అప్పగించాడు. ఆయన శింగోన్ అనే బౌద్ధ సంప్రదాయం గురుపరంపరలో నాగార్జునుడున్నాడు. అవును, మన నాగార్జునకొండకు ఎవరి పేరుందో ఆయనే. వినాయకుడు కనపడలేదేమని మీరు అడుగుతారు. ఉన్నాడు, కాంగితెన్ అంటారు. కానీ చాలా చోట్ల ఆయన విగ్రహాన్ని మూసే ఉంచుతారు. కొన్ని గుళ్ళలో ఆయనకు ముల్లంగి నైవేద్యం.

సాయంత్రం ఫుషిమి ఇనారి. క్యోటో స్టేషన్‌లో జేఆర్ నారా లైన్ ఎక్కితే రెండో స్టేషన్, దిగితే ఎదురుగానే ద్వారం. పంటల దేవత, వరి పండించే మనకు పరాయిది కాదు. నక్క రాతిబొమ్మల్లో కొన్నిటి నోట తాళంచెవి ఉంటుంది, ధాన్యపు గాదెదట. ఎర్ర తోరీల (గుడి ముందుండే ద్వారాల) వెనకవైపు రాతలు మంత్రాలనుకునేరు, దాతల పేర్లు, తేదీలు. ప్రధాన మందిరం చూసి, తోరీల కింద ఓపికున్నంత దూరం నడిచి వెనక్కి రండి. కొండ 233 మీటర్లు, చుట్టి రావడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఆ ముచ్చట మీవారికి వదిలెయ్యండి.

దణ్ణం నిక్షేపంగా పెట్టుకోవచ్చు. గుమ్మంలో తోరీ ఉంటే సాధారణంగా అది షింతో, అంటే జపాన్ సొంత మతం వాళ్ళ గుడి. రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మొక్కుకుని, మళ్ళీ ఒకసారి వంగుతారు. బుద్ధుడి గుడిలో చప్పట్లు కొట్టకూడదు, మనలాగే చేతులు జోడిస్తే చాలు. ఇంటి నుంచి కర్పూరం మాత్రం పట్టుకెళ్ళకండి. అంతా కొయ్య, పైన చెప్పిన మంటలు చాలు.

సూతకం సంగతికి వస్తే, వాళ్ళకూ ఉంది. ఇంట్లో చావు జరిగితే దాదాపు 50 రోజులు షింతో గుడికి వెళ్ళరు. బుద్ధుడి గుడికి ఆ పట్టింపు లేదు, కర్మకాండలు ఎక్కువగా జరిగేవి అక్కడే. ఆ ఏడాది కొత్త సంవత్సరం కార్డులు కూడా పంపరు. మీకు నాలుగు నెలలు దాటాయి కాబట్టి వాళ్ళ లెక్కలో అడ్డు లేదు. మన లెక్క మీ పురోహితుణ్ణి అడగండి, అందులో నేను వేలు పెట్టను.

తిండి దగ్గర జాగ్రత్త. చూడ్డానికి కూరగాయల పులుసులాగే ఉంటుంది, అందులో ఎండుచేప రసం ఉంటుంది. శోజిన్ ర్యోరి అని సన్యాసుల భోజనం దొరుకుతుంది. మాంసం, చేపలే కాదు, సంప్రదాయంగా చేస్తే ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. పులుసుకు సముద్రపు నాచు, పుట్టగొడుగులు వాడతారు. పుట్టగొడుగులు తినకపోతే ముందే చెప్పాలి. మీ అబ్బాయి చేత ఇప్పుడే బుక్ చేయించండి, అప్పటికప్పుడు వెళ్తే దొరకదు.

ప్రశ్న: జపాన్ గుళ్ళలో ఎర్ర ముద్రలు వేసి ఇస్తారట. నా డైరీలో వేయించుకోవచ్చా? (విద్యార్థి, హైదరాబాద్)

జవాబు: డైరీలో వెయ్యరు. గోషుయిన్‌చో అని దానికి ప్రత్యేకం మడతల పుస్తకం ఉంటుంది, పెద్ద గుళ్ళలో అమ్ముతారు. ముందు దర్శనం చేసుకుని తర్వాత కౌంటరుకు వెళ్ళు. ముద్ర వేసి, దాని మీద కుంచెతో గుడి పేరు, తేదీ రాసిస్తారు. సాధారణంగా 300 నుంచి 500 యెన్లు. రాసేటప్పుడు మొహం మీద ఫోన్ పెట్టి వీడియో తియ్యకు. సాయంత్రం నాలుగు దాటితే చాలా చోట్ల కట్టేస్తారు. చిల్లర దగ్గర పెట్టుకో.